కాలి నొప్పికి మార్కులు

నా ఎడమ కాలి రక్తనాళం సన్నబడింది. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, నిలబడితే వదులుతుంది. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపుల అద్దాల ముందు ఆగడం అలవాటైంది. పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ని. నేతలో ఏ రంగు ఎక్కడ పక్కకు జరిగిందో చూస్తుండగానే నొప్పి తగ్గేది.

"పెండ్లయిన కొత్తల ఒక్క చీరన్న గిట్ల చూసినవా?" అని నా భార్య దెప్పేది.

స్టెంట్ వేయాలా, మందులు చాలా అన్నది తేల్చడానికి ఎల్బీనగర్‌లో డాక్టరు స్కాన్ తీయించి, కొన్ని ప్రశ్నలు కూడా అడిగించారు. అడిగిన అమ్మాయిది కోస్తా మాట.

"అంకుల్, ఈ నెల్లో కాలి వల్ల ఎంత ఇబ్బంది పడ్డారో సున్నా నుంచి పది దాకా చెప్పండి."

బతుకుకు మార్కులు! నాకు సరదా పుట్టింది.

"పది అంటే ఎవరి పది బిడ్డా? పక్కోనితోని పోల్చాల్నా, నిరుడున్న నాతోనా?"

"మీతో మీరే పోల్చుకోండి. చుట్టాల ఇళ్లకి వెళ్లడం కష్టంగా ఉంటోందా?"

"లేదు. సున్నా ఏస్కో."

పక్కనే కూర్చున్న నా భార్య ఊరుకోలేదు. "పోతే గదా తక్లీఫ్! సరూర్‌నగర్ల మీ అక్క ఇంటికి ఎన్నడు పోయినవ్? ఆమెనే మోకాళ్లు పట్టుకొని మనింటికొస్తుంది."

ఆలోచిస్తే నిజమే. అక్క ఇల్లు ఆటో దూరని గల్లీ చివర. అక్కడ షాపుల అద్దాలు లేవు. ఊరికే నిలబడితే గుమ్మాల్లో కూర్చున్నవాళ్లంతా ఏమైందని అడుగుతారు. అందుకే మానేశాను. వెళ్లిన చోట్లన్నీ డైరీలో రాస్తాను కానీ, వెళ్లడం మానిన చోటు రాయాలని ఎప్పుడూ తోచలేదు.

"అయితే తొమ్మిది ఏస్కో," అన్నాను.

"పది ఎయ్యి బిడ్డా!" అంది నా భార్య.

ఆ కాగితం చదువుతూ డాక్టరు ఈ జవాబు దగ్గరే ఆగారు. నడక మానితే నొప్పి ఇంకా తొందరగా వస్తుందని, స్టెంట్ సంగతి తర్వాత చూద్దామని, ముందు రోజూ నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవమన్నారు. ఆ నడకేదో అక్క ఇంటి వైపే నడుద్దామనుకున్నాను.

ఆదివారం గల్లీ సగంలో పిక్క పట్టింది. గోడకు ఆనుకున్నాను.

"ఏమైంది తమ్మీ, గట్ల నిలబడ్డవ్?" అంది గుమ్మంలో బియ్యం ఏరుతున్న పెద్దావిడ.

"కాలు పట్టిందక్కా. జర ఆగి పోతా."

"ఆగుడెందుకు? కూసో." చాట పక్కకు జరిపింది.

అక్క ఇల్లు చేరేలోపు మరో గుమ్మంలోనూ కూర్చున్నాను, చాయ్ కూడా తాగాను. వచ్చే నెల ఆ అమ్మాయి అడిగితే, ఈ కూర్చోవడాన్ని ఇబ్బంది లెక్కలో వేయించాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.