సరస్వతి దగ్గర పెట్టిన తాళం

జ్ఞానేశ్వరి టీచరుకి భక్తి ఎక్కువ, భయం అంతకన్నా ఎక్కువ. వన్ టౌన్‌లో ఓ ఎయిడెడ్ స్కూల్లో తెలుగు పండిట్. తొంభై తొమ్మిదిలో స్కూలుకి కంప్యూటరొస్తే, ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేది.

ఆ పెట్టెకి అంత మర్యాద అఫ్సా వల్ల. ఏడో తరగతి పిల్ల. పుట్టుకతోనే వేళ్లు వంకరపోయాయి, చేతిలో పెన్ను నిలవదు. బుర్ర మాత్రం పాదరసం. అలాంటిది కీబోర్డు మీద ఒక్క వేలితో పొడిచి పొడిచి తెలుగులో వ్యాసం రాసేసరికి టీచరు ఏడ్చినంత పని చేసింది. పరీక్షలో రాసిపెట్టే మనిషినివ్వమంటే, భాష పేపరుకి ఇంకొకరి చెయ్యి కుదరదన్నారు. పోనీ కంప్యూటర్ మీద రాయనివ్వమని విద్యాశాఖ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. "సెలవులయ్యాక వచ్చి కళ్లారా చూస్తానమ్మా, అప్పుడు పర్మిషన్ ఇస్తా" అన్నాడు ఆఫీసరు.

ఇంకేముంది, ఆవిడ భక్తి పొంగింది. ఆ తెలుగు ప్రోగ్రాం నడవాలంటే కంప్యూటర్ వెనకాల డాంగిల్ అనే అగ్గిపెట్టంత పిన్నుల తాళం ఒకటి తగిలించాలి. అది లేందే తెలుగు రాదు. దసరా సెలవుల ముందు సరస్వతీ పూజలో పిల్లలంతా పుస్తకాలూ పెన్నులూ పెడుతుంటే, ఈవిడ అఫ్సా పేరు చెప్పుకుని ఆ తాళం పెట్టింది. ఆ పిల్లకి అదే కదా పెన్ను. పసుపూ కుంకుమా చల్లి, పంచామృతం చిలకరించి, పైన తడి చామంతులు పోసింది. పూజలో పెట్టింది విజయదశమి దాకా కదపకూడదాయె. ఎవరూ కదపలేదు.

తీసి చూస్తే పిన్నులన్నీ చిలుం పట్టి ఉన్నాయి. తుడిచింది, ఎండలో పెట్టింది, పనికి రాలేదు. అది అమ్మిన గవర్నర్‌పేట కొట్టుకి పరుగెత్తితే అక్కడ చెప్పుల షాపు ఉంది. "వాళ్లు ఎత్తేసి చాన్నాళ్లయిందండీ" అన్నాడు షాపతను.

ఆఫీసరు మాట ప్రకారం వచ్చాడు. అఫ్సా తన వ్యాసం తెరిచింది. తెర నిండా ఇంగ్లీషు ముక్కలు, చుక్కలు, గీతలు. పిల్ల ఆ చెత్త మీదే కళ్లు పెట్టి, వ్యాసమంతా ఒక్క మాట తప్పకుండా చెప్పేసింది. ఆయనా మంచివాడే, ఆసాంతం విన్నాడు. "చెప్పడం కాదమ్మా, రాసి చూపించాలి" అని లేచి వెళ్లిపోయాడు.

జ్ఞానేశ్వరి గోడకానుకుని నిలబడిపోయింది. ఎవర్ని తిట్టుకోవాలి, అమ్మవారినా? చేసింది తన చేతులే. అఫ్సాకి ఏదో చెప్పబోతే కళ్లలోంచి నీళ్లే వచ్చాయి.

అఫ్సాయే దగ్గరికొచ్చింది.

"ఏడవకండి టీచర్. నా కోసమే కదా పెట్టారు."

ఆ పిల్ల నాలుగు తిట్టినా ఆవిడ తట్టుకునేది.