పొగ లేని పొగగొట్టం

మా నది ఒడ్డున చలికాలంలో పొద్దున లేవగానే చూసేది పక్కవాళ్ళ పొగగొట్టం. పొగ వస్తుంటే లోపల మనిషి ఉన్నట్టు. రాకపోతే వెళ్ళి తలుపు తట్టాలి. అట్లా తట్టినందుకు బతికినవాళ్ళున్నారు. తట్టేసరికే ఆలస్యమైనవాళ్ళూ ఉన్నారు.

ఫెర్నాన్ గెరెట్ ఈ చూపుతోనే పెరిగాడు. ఊరి మంచు తోసే లారీ నడిపేవాడు. నేను అతని పక్క సీట్లో కూర్చుని, లారీ కుడివైపు రెక్కను ఎత్తుతూ దించుతూ ఉండేవాణ్ణి. అతను రోడ్డు కన్నా ఇళ్ళ కప్పులే ఎక్కువ చూసేవాడు.

"అదుగో, పాస్కల్ ఇంకా పక్క దిగలేదు. ఆ పొగ చూడు, ఎంత నీరసంగా ఉందో."

"నీకు రోడ్డు కనబడుతోందా?"

"రోడ్డు ఎక్కడికీ పోదులే, లియో."

అతనికి ఒకే ఒక్క గర్వం. అక్టోబరులో ఒక్క అగ్గిపుల్ల గీసేవాడు. ఆ నిప్పు ఏప్రిల్ దాకా ఆరేది కాదు. రాత్రి పొయ్యినిండా మొద్దులు కుక్కి, గాలి చొరకుండా మూసి పడుకునేవాడు. పొద్దున కదిలిస్తే నివురు కింద ఎర్రగా ఉండేది. అతని తండ్రీ అంతే. తాతా అంతే. నిప్పు ఆరిన ఇంటిని వాళ్ళు సోమరి ఇల్లు అనేవారు.

భార్య రొలాండ్‌ను పెళ్ళైన నాటి నుంచి ఆ పొయ్యిలో కట్టె వేయనిచ్చేవాడు కాదు. ఆమె దాని మీద వండుకోవచ్చు. అంతవరకే.

"నీ చేతిలో నిప్పు నిలవదు," అనేవాడు. నలుగురి ముందూ అనేవాడు. ఆమె నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

వయసు మీద పడ్డాక పెద్ద ఇల్లు అమ్మేసి, నది వంపులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. పాత పొయ్యినీ వెంట తెచ్చుకున్నారు. పెద్ద ఇంట్లో ఎక్కడెక్కడికో పోయిన పొగకు ఇక్కడ పోవడానికి చోటు లేకపోయింది. రొలాండ్‌కు దగ్గు మొదలైంది. ముందు పొద్దున పూట. తర్వాత మాట మధ్యలో. చివరికి ఆమె మాటలు తగ్గించేసింది.

డాక్టరు ఊపిరితిత్తులు విని, పొయ్యి మార్చమన్నాడు. మార్చినా ఇంట్లో పొగ ఉంటే ఆమె ఆ ఇంట్లో ఉండకూడదన్నాడు. పట్నంలో రొలాండ్ అక్క ఉంది. ఆమె ఫ్లాటులో గోడల్లోంచే వేడి వస్తుంది. అక్క అప్పుడే గది ఖాళీ చేసి పెట్టింది.

"వెళ్తే తిరిగి రాదు, లియో," అన్నాడు ఫెర్నాన్ ఒకసారి లారీలో. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొత్త పొయ్యి వచ్చింది. చిన్నది, నల్లది, అద్దం తలుపుది. బిగించడానికి వచ్చినవాడు మోకాళ్ళ మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పైన ఈ చిల్లుల గొట్టాలున్నాయి చూశారా, పొగ ఇక్కడికి చేరి ఇక్కడే మండిపోవాలి, దానికి మంట బాగా వేడిగా ఉండాలి, కట్టె బాగా ఎండాలి, ఇల్లు చిన్నది కాబట్టి కొద్దికొద్దిగా వేయాలి, అయిపోతే ఆరిపోనివ్వాలి.

"ఆరిపోనివ్వాలా?" అన్నాడు ఫెర్నాన్. "మీ నాన్న పుట్టకముందు నుంచి నేను నిప్పు పెడుతున్నాను, బాబూ." టోపీ పెట్టుకుని కట్టెల కొట్టంలోకి వెళ్ళిపోయాడు.

రొలాండ్ అక్కడే ఉండి, బిగించేవాడికి కాఫీ ఇచ్చి, మిగతాదీ విన్నది.

ఫెర్నాన్ కొత్త పొయ్యిని పాత పొయ్యిలాగే నడిపాడు. నిండా మొద్దులు పెట్టాడు. ఇల్లు ఉడికిపోయింది. గాలి మీట మూశాడు. మంట చచ్చి పొగ మిగిలింది. అద్దం తారు పూసినట్టు నల్లబడింది. తలుపు తెరిచినప్పుడల్లా పొగ ముందుకు దూకి గదంతా పరుచుకునేది. బయట పొగగొట్టం నుంచి పసుపుపచ్చ పొగ చిక్కగా జారి, మంచు మీద పాకేది. మా ఊళ్ళో అది చూడనివాళ్ళు లేరు.

"ఏంటి ఫెర్నాన్, లోపల చేపలు ఎండబెడుతున్నావా?" అని అడిగాడు రొలాండ్ అక్క కొడుకు జీల్. ఊరి అంబులెన్సులో పనిచేసే వాలంటీర్లలో అతనొకడు.

"చెత్త పొయ్యి," అన్నాడు ఫెర్నాన్.

ఆ రోజు లారీలో నేనన్నాను. "ఆ బిగించినవాణ్ణి ఇంకోసారి పిలవకూడదూ?"

"పిలిచి ఏం చెప్పను? ముసలాడికి నిప్పు పెట్టడం నేర్పమనా?"

ఆ మాట చాలా నెమ్మదిగా అన్నాడు. తర్వాత ఊరి చివరిదాకా ఏ కప్పు వైపూ చూడలేదు.

ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది. పట్నం నుంచి అక్క ఫోను చేసి, ఆదివారం వచ్చి చెల్లెల్ని తీసుకెళ్తానంది. ఫెర్నాన్ ఆ సంగతి నాకు చెప్పలేదు. జీల్ చెప్పాడు.

మేం మంచు రోజుల్లో చీకటితో బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్ళం. నది రోడ్డు మాది కాదు. దాన్ని వేరే లారీ తోసేది. ఆ రోజు ఆ లారీ చెడిపోయింది. పొద్దెక్కాక నది రోడ్డు మాకు అప్పజెప్పారు. అట్లా మేం పనివేళలో మొదటిసారి ఫెర్నాన్ ఇంటి వైపు వెళ్ళాం.

వంపు తిరగగానే అతను చూశాడు. నేనూ చూశాను. కప్పు మీద మంచు. మంచు మధ్య పొగగొట్టం. దాని పైన ఏమీ లేదు.

"లియో," అన్నాడు. "పొగ లేదు."

లారీ వేగం పెంచాడు. రెక్క ఎత్తడం మర్చిపోయాను. అది ఎవరిదో టపా పెట్టెను ఊడదీసుకుపోయింది. ఫెర్నాన్ రేడియో అందుకున్నాడు. అవతల రేడియో దగ్గర కూర్చునే కార్మెల్ ఉంది. మా ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఆ రేడియో వినే పెట్టె ఒకటి మోగుతూ ఉంటుంది.

"కార్మెల్, అంబులెన్సు పంపు. నది వంపు దగ్గరికి. మా ఇంటికి."

"ఏమైంది ఫెర్నాన్?"

"పొగ లేదు. రొలాండ్ ఒక్కతే ఉంది."

"జీల్ వాళ్ళు బయల్దేరుతున్నారు. నువ్వు కంగారు పడకు."

అతను రేడియో మీట వదల్లేదు. వదలమని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"తప్పు నాదే, కార్మెల్," అన్నాడు. "నాకు తెలిసే చేశాను. పొయ్యిది తప్పు కాదు. నా పొగే ఆమెను తినేసింది."

ఊరంతా విన్నది.

లారీ ఇంకా ఆగకముందే దూకాడు. మోకాళ్ళ లోతు మంచులో పడ్డాడు, లేచాడు. తలుపు తోశాడు. నేను వెనకే ఉన్నాను.

లోపల వెచ్చగా ఉంది. వెలుతురు ఉంది. ముందు నాకు అర్థమైంది అదే, ఆ గదిలో ఎదుటి గోడ స్పష్టంగా కనబడుతోంది. పొయ్యి అద్దం తుడిచినట్టుంది. దాని వెనక మంట పై గొట్టాల దగ్గర మెల్లగా, నీలంగా దొర్లుతోంది. రొలాండ్ పొట్టి చేతుల జాకెట్టులో నిలబడి పెనం మీద అట్లు పోస్తోంది. తిప్పకుండా ఒకవైపే కాల్చే మా బక్‌వీట్ గింజల పిండి అట్లు. ఏదో కూనిరాగం తీస్తోంది. దగ్గు లేదు.

మమ్మల్ని చూసి గరిటె దించింది.

"ఇంత త్వరగా వచ్చావేం?" అంది.

ఫెర్నాన్ టోపీ తీశాడు.

అంతలో అంబులెన్సు వచ్చింది. జీల్, ఇంకో ఇద్దరు స్ట్రెచరుతో పరుగెత్తుకొచ్చారు. ముగ్గురూ గుమ్మంలో ఆగిపోయారు.

"శవం అట్లు పోస్తోందిరా," అన్నాడు ఒకడు.

"ఎవరు పోయారు?" అంది రొలాండ్.

"నువ్వే పిన్నీ," అన్నాడు జీల్. "నీ మొగుడు రేడియోలో ఊరందరికీ చెప్పి ఏడ్చాడు. ఇంకా నయం, ఫాదర్ గారికి ఫోన్ చేయలేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాత అలవాటు. ఫెర్నాన్ నవ్వలేదు. బూట్ల నుంచి మంచు కరిగి నేల మీదికి కారుతుంటే దాన్నే చూస్తున్నాడు.

"మరి పొగేది?" అన్నాడు జీల్. "నిప్పు ఇంత ఉంది, పొగేది?"

"మండిపోయింది," అంది రొలాండ్. "ఇందులో బాగా మండితే పొగ బయటికి రాదు."

జీల్ పొయ్యి చుట్టూ తిరిగాడు. తలుపు పక్కన బరకం మీద ఒక మేపుల్ మొద్దు ఉంది. పచ్చిది. బెరడు మీద ఇంకా మంచు కరుగుతోంది. దాన్ని బూటుతో తట్టాడు.

"ఇదెందుకు పిన్నీ ఇక్కడ? ఇది వేశావంటే మళ్ళీ ఇల్లంతా పొగే."

"అది తర్వాతికి."

"తర్వాత మాత్రం ఎందుకు?"

రొలాండ్ పొయ్యి వైపు తిరిగింది. పెనం మీద అట్టు మాడుతోంది. తీయలేదు.

ఫెర్నాన్ ఆ మొద్దును చూశాడు. తర్వాత పొయ్యి మీది రేకు డబ్బాను చూశాడు. దాన్నిండా కాలిన అగ్గిపుల్లలు.

"రోజూనా?" అన్నాడు.

"నువ్వు లారీ ఎక్కిన రోజుల్లో. నీది ఆరనిచ్చి, మళ్ళీ వెలిగించేదాన్ని."

"మరి నేనొచ్చేసరికి రోజూ పొగే ఉండేదిగా."

రొలాండ్ జీల్ వైపు చూసింది. జీల్ ఇక నవ్వడం లేదు. స్ట్రెచరు మడవసాగాడు.

"నువ్వొచ్చే ముందు ఒక పచ్చిది వేసి, గాలి మూసేదాన్ని," అంది ఆమె. "నువ్వు పెట్టి వెళ్ళినట్టే ఉండేది."

"నువ్వు ఆ పొగలో కూర్చున్నావా?"

"కాసేపేగా."

"ఎందుకు?"

ఆమె గరిటెతో మాడిన అట్టు తీసి పక్కన పెట్టింది.

"నీకు ఉన్న గొప్ప అదొక్కటే ఫెర్నాన్," అంది. "అదీ నేనే తీసేసుకోనా?"

జీల్ వాళ్ళు చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు. ఫెర్నాన్ వంగి మొద్దును ఎత్తుకున్నాడు. బయటికి తీసుకెళ్ళి మంచులో పడేశాడు. అది తన గుంట తానే చేసుకుని మునిగిపోయింది.

మిగతా రోడ్డు తోశాం. రేడియోలో వేళాకోళాలు మొదలయ్యాయి. పాస్కల్ గొంతు వినబడింది. "కార్మెల్, మా పొగ కూడా సన్నగా ఉంది, నాకోసం కన్నీళ్ళు పెట్టేవాళ్ళెవరైనా ఉన్నారేమో చూడు." ఫెర్నాన్ రేడియో ఆపలేదు. గొంతు తగ్గించనూ లేదు. అన్నీ విన్నాడు.

సాయంత్రం ఇంటి ముందు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక కాఫీ తాగి వెళ్ళు," అన్నాడు. ఒక్కడే లోపలికి వెళ్ళలేకపోతున్నాడని అర్థమైంది. వెళ్ళాను.

నిప్పు ఆరిపోయి ఉంది. పొయ్యిలో తెల్లని బూడిద. అతని ఇంట్లో చలికాలంలో ఆరిన పొయ్యిని చూడటం నాకదే మొదలు. గది ఇంకా వెచ్చగానే ఉంది. రొలాండ్ కుర్చీలో కూర్చుని ఉంది. లేవలేదు.

"అక్కకేం చెప్పావు?" అన్నాడు.

"ఇంకా చెప్పలేదు. నీ నిప్పు చూశాక చెప్తాను."

అతను కోటు విప్పాడు. పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఒక చెయ్యి నేలకు ఆనించి దిగాడు.

"ఎండిన పేళ్ళు అడుగున," అంది రొలాండ్. "మూడు చాలు. చితుకులు వాటి పైన."

"పైనా?"

"పైన."

తలకిందులుగా పేర్చాడు. మొదటి అగ్గిపుల్ల చేతిలోనే ఆరిపోయింది. నేను కిటికీ వైపు తిరిగాను. రెండోది అంటుకుంది.

"గాలి మీట మొత్తం తెరువు."

తెరిచాడు. మంట పైనుంచి కిందికి మెల్లగా దిగింది. అతని చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది.

"ఇప్పుడే కాదు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అద్దంలోంచి మంట వెలుగు అతని ముఖం మీద పడింది. అతని చెవులు కూడా ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడు మూయాలి?" అన్నాడు.

"చెప్తాను," అంది.

ఆమె చెప్పింది. అతను మీట సగం జరిపాడు. ఇంకాస్త ఆగి, ఇంకాస్త జరిపాడు. పై గొట్టాల దగ్గర నీలం మంట వచ్చింది. ఫెర్నాన్ లేచి, కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి కనబడుతున్నాడు, మంచులో తల పైకెత్తి. చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు.

తిరిగొచ్చి గుమ్మంలో ఆగాడు.

"ఏమీ కనబడటం లేదు," అన్నాడు.

"కనబడదు," అంది రొలాండ్. ఫోను అందుకుంది. "తలుపు వెయ్యి. వేడంతా పోతోంది."