నార్వే వాళ్ళ బడి కథ వినడానికి దోహాలో ఒక శుక్రవారం

ఆఫీసులో నా పక్క సీటు క్యారెన్‌ది. పుట్టింది అమెరికాలోని మినసోటాలో. ముత్తాతల నాడు నార్వే నుంచి వలస వెళ్ళిన రైతు కుటుంబం. దోహా వెస్ట్ బేలో మా కంపెనీ ప్రపంచ కప్ స్టేడియం పనుల లెక్కలు చూసేది. ఒక గురువారం, "రేపు చర్చి హాల్లో మావాళ్ళు పెట్టిన లూథరన్ బడి గురించి మాట్లాడుతున్నాను, రారాదూ? నువ్వూ లూథరన్ బడిలోనే చదివానన్నావుగా" అంది. నిజమే. మాది గుంటూరు జిల్లా, పదో తరగతి దాకా మిషన్ బడే. సరేనన్నాను.

ఉదయం తొమ్మిదింటికి ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మా ఇంటి ముందు టాక్సీ ఎక్కాను. డ్రైవరు మల్లేశం జగిత్యాల వైపు మనిషి. "మెట్రోకని రోడ్డంత తవ్విండ్రక్కా, సుట్టు తిరిగి పోవాలె" అన్నాడు. పావుగంట దారికి నలభై నిమిషాలు పట్టింది, మీటరు ముప్పై రియాళ్ళు దాటింది. ఊరి చివర చర్చిలన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. బయటికి సిలువ కనిపించదు. గేటులో బ్యాగు తనిఖీ చేసి పంపారు. తిరుగు ప్రయాణానికి టాక్సీ దొరకదని మల్లేశాన్నే ఉండమన్నాను.

క్యారెన్ తెరమీద పాత ఫొటోలు చూపించింది. మట్టిగడ్డలు పేర్చి కట్టుకున్న ఇళ్ళు, వాటి ముందు బక్కచిక్కిన మనుషులు. సొంత ఇల్లు సరిగ్గా లేనివాళ్ళు బడి గురించి ఆలోచించారట! మొదట్లో భవనం లేదు. పంతులు ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట్లో ఉంటే ఆ వంటింటి బల్ల దగ్గరే పిల్లలకి నార్వే భాషా, మతబోధా చెప్పేవాడు. పాదిరీలు పూర్తిగా మన చర్చి బడే ఉండాలన్నారు, రైతుల్లో చాలామంది సర్కారు ఇంగ్లీషు బడి చాలన్నారు. ఆ తగువుల మధ్యే బడులు పెరిగాయి. కొన్ని కాలేజీలయ్యాయి, చాలా మూతపడ్డాయి.

వింటుంటే నాకు కడుపు మండింది. మా బడి దొరలు కట్టారని తప్ప నాకేమీ తెలియదు. ఆమె మాత్రం వేలుపెట్టి చూపిస్తోంది: ఈయన మా ముత్తాత, ఈ బడి దూలం ఆయన మోసిందే. ఇన్ని వేల మంది తెలుగువాళ్ళం ఇక్కడ ఉన్నాం, పిల్లలకి అక్షరాలు నేర్పడానికి ఒక్క గదైనా చూసుకోలేదు. రెండో తరగతి చదివే నా కూతురు హర్షిణికి 'అమ్మ' అని రాయడం రాదు. క్యారెన్‌ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

టీ దగ్గర అడిగాను: "నీకు నార్వే భాష వచ్చా?"

ఆమె నవ్వబోయి ఆగింది. "భోజనానికి ముందు చెప్పే ప్రార్థన ఒక్కటే వచ్చు. దానికి కూడా అర్థం పూర్తిగా తెలియదు. మా నాయనమ్మ పోయాక మాట్లాడేవాళ్ళే లేరు. నువ్వు ఫోన్లో మీ అమ్మతో మాట్లాడుతుంటే నాకు ఎంత ఈర్ష్యగా ఉంటుందో తెలుసా?"

చెప్పకూడదు గానీ, లోపల కొంచెం చల్లబడింది.

తిరిగి వస్తుంటే మల్లేశం సిగ్నల్ దగ్గర ఫోన్ చూపించాడు. "మా బిడ్డ రాసిందక్కా. తెలుగుల ఎంత ముద్దుగ రాస్తదో." గుండ్రటి అక్షరాలు. మళ్ళీ మండింది నాకు.

"అదృష్టవంతుడివి తమ్ముడూ. మా పిల్లకి ఒక్క ముక్క రాదు."

"మీ బిడ్డ మీ తాననే ఉన్నది గదక్కా," అన్నాడతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నేను నా బిడ్డను సూడక మూడేండ్లాయె. అక్షరాలదేముంది, నేర్పితె వస్తయి."

ఆ పై వారం నుంచి పిల్లలకి తెలుగు నేర్పడానికి మూడు కుటుంబాలవాళ్ళం వంతులు వేసుకున్నాం. ఒక్కో శుక్రవారం ఒక్కో ఇంట్లో, వంటింట్లోనే, గంటసేపు. హర్షిణి మూతి ముడుచుకునే కూర్చుంటుంది. అసూయ చెడ్డదంటారు. నన్ను మాత్రం అదే లేపి కూర్చోబెట్టింది. క్యారెన్ కూడా వచ్చి, పిల్లల వెనక కూర్చుని అ, ఆలు దిద్దుతోంది. నా కూతురికంటే ఆమె దస్తూరీ బాగుంది. ఆ విషయంలో నాకింకా కుళ్ళే.

ఆ చర్చిలకి వెళ్ళాలనుకునేవాళ్ళు నివాస గుర్తింపు కార్డు తప్పకుండా పట్టుకెళ్ళండి. శుక్రవారం నమాజు వేళ టాక్సీలు అరుదు కాబట్టి రానూపోనూ ఒకే బండి మాట్లాడుకోండి.