పడుకుని తప్పిన పరీక్ష

తొమ్మిదో తరగతి తప్పి బడి మానేసినవాళ్లు చాలామంది ఉంటారు. పడుకుని రాసే పరీక్ష కూడా తప్పినవాణ్ణి నేనొక్కణ్ణే. అందులో నా పరువు ఎలా గంగలో కలిసిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

అప్పుడు పెళ్లయిన కొత్త. ప్రత్తిపాడు దగ్గర మా కల్లంలో మిరపకాయలు ఎండబోశాం. మధ్యాహ్నం కాపలా నాది. చినుకు పడితే కాయల మీద పట్టా కప్పాలి, అంతే పని. ఓ రోజు జల్లు మొదలైంది. నాకు మెలకువ వచ్చింది. కానీ, మీ దగ్గర దాపరికం ఎందుకు, లేస్తే పని చెయ్యాలి కదా అని కళ్లు తెరవలేదు. పైగా పడుకున్నది ఆ పట్టా మడత మీదే. మా ఆవిడ సుబ్బులు చేలోంచి కేకలేసుకుంటూ వచ్చి, నన్ను గోనెబస్తాలా పక్కకి దొర్లించి, పట్టా లాగి కాయల మీద కప్పింది.

ఆనక నిలదీస్తే, నిద్రపోతే నాకు చెవులు పనిచేయవనీ, అది పుట్టుకతో వచ్చిన జబ్బనీ బొంకాను.

"అయితే గుంటూరెళ్లి పరీక్ష చేయిద్దాం," అంది. "జబ్బే అయితే కాపలాకి మనిషిని పెడదాం. కాదంటే కోతలయ్యేదాకా కల్లం నీదే."

ఆసుపత్రిలో డాక్టరమ్మ నా తలకు జిగురు పూసి, నారు నాటినట్టు వరసగా వైర్లు అంటించింది. నిద్రలో చెవి దగ్గర చిన్న చిన్న చప్పుళ్లు చేస్తారట, వాటికి మెదడులో పుట్టే కరెంటు తెర మీద గీతలుగా కనిపిస్తుందట. ముందే తెలిస్తే బోరు మోటారుకి నా తలే తగిలించేవాణ్ణి కదా అన్నాను. ఆవిడ నవ్వలేదు. నేను రెండు నిమిషాల్లో గుర్రు పెట్టాను.

తర్వాతదంతా సుబ్బులు చెప్పగా తెలిసింది. చప్పుడైనప్పుడల్లా గీత గభాల్న లేచి పడిందట. నేను మాత్రం కదల్లేదట.

"చూశావామ్మా, మనిషి నిద్రపోయినా మెదడు వింటూనే ఉంటుంది," అందట డాక్టరమ్మ.

"మరి లేవడేంటండీ?"

"ప్రతి చప్పుడుకీ లేవరు. తమకు ముఖ్యమైన మాట వినపడితే లేవచ్చు."

సుబ్బులు నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అంది. "చినుకులు పడుతున్నాయి."

గీత తెర దాటిపోయిందట. నేను నిద్రమత్తులోనే వైర్లతో సహా మంచం దిగి, దుప్పటి లాగి ఆ యంత్రానికి కప్పాను. ఒక కొస డాక్టరమ్మ చేతిలో పెట్టి, "గాలికి లేచిపోద్ది, గట్టిగా పట్టుకో" అన్నాను. పాపం, పట్టుకుంది. నాకు తెలివొచ్చేసరికి మిగతా మూడు మూలలా చెప్పులు బరువు పెట్టి ఉన్నాయి. అందులో రెండు డాక్టరమ్మవి.

జబ్బేమీ లేదని కాగితం రాసిచ్చారు. తిరుగు బస్సులో సుబ్బులు చెయ్యి పట్టుకుని, ఈ జన్మలో నిద్ర గురించి అబద్ధం ఆడనని నా మెదడు మీద ఒట్టేశాను.

"నీ మెదడుకేం, మంచిదేనయ్యా," అంది సుబ్బులు. "నువ్వు పడుకుంటే అది కష్టపడిద్ది. నువ్వు లేచాకే అది పడుకునిద్ది."