కొవ్వొత్తులా, గౌన్లా?

కోవిడ్ తగ్గిన తర్వాత వచ్చిన రెండో చలికాలంలో నన్ను జిజాన్ నుంచి రియాద్‌కు బదిలీ చేశారు. జిజాన్‌లో నేను రిఫైనరీ దగ్గర ఫైర్ అండ్ సేఫ్టీ సూపర్‌వైజర్‌ని. రియాద్‌లో కూడా హోదా అదే, జీతం అదే, కంపెనీ అదే. మారిందల్లా కాపలా కాయాల్సిన వస్తువు. అక్కడ చమురు ట్యాంకులు, ఇక్కడ ఊరి చివర కొత్తగా కట్టిన ఒక థియేటరు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషికి చల్లటి ఏసీ హాల్లో కుర్చీ వేశారు, ఇక పాటలు వింటూ రోజులు దొర్లించొచ్చు అనుకున్నాను. నా మొహం! ఇన్నేళ్ళూ చమురు దగ్గర పడని అగచాట్లు అక్కడ ఆడపిల్లల గౌన్ల దగ్గర పడ్డాను.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. సేఫ్టీ వాడంటే హెల్మెట్ పెట్టుకోలేదని కేకలేసేవాడని చాలామంది అనుకుంటారు. కేకలు మా పనిలో చిన్న భాగం. అసలు పని పర్మిట్ ఇవ్వడం. నిప్పు పుట్టించే ఏ పనికైనా మా దగ్గర పర్మిట్ తీసుకోవాలి. వెల్డింగ్ చేసేవాడికీ అంతే, స్టేజి మీద అగ్గిపుల్ల గీసేవాడికీ అంతే. నా పైన మేనేజర్ నౌరా. సౌదీ అమ్మాయి, ఇంజనీరు, నా పెద్ద కూతురి వయసు. ఆమె పైన సివిల్ డిఫెన్స్ వాళ్ళు. కానీ మొదటి సంతకం నాది. అది పడకపోతే తెర లేవదు.

ఆ చలికాలం యూరప్ నుంచి ఒక బ్యాలే బృందం వచ్చింది. వాళ్ళు ఆడేది కథ కాదు, బట్టల చరిత్ర. రాజుల దర్బార్లలో నేల మీద జీరాడే బరువైన గౌన్లతో మొదలుపెట్టి, విక్టోరియా రాణి కాలం నాటి గంట ఆకారపు తెల్లటి గౌన్ల మీదుగా, నడుం చుట్టూ పళ్ళెంలా నిలబడే పొట్టి టూటూ గౌను దాకా, ఏ కాలం నాట్యాన్ని ఆ కాలం బట్టల్లోనే చూపిస్తారు. బట్ట తేలికయ్యే కొద్దీ అడుగులు ఎట్లా మారాయో చూసేవాళ్ళకు అర్థమవుతుంది. ఆలోచన బాగానే ఉంది.

చిక్కంతా విక్టోరియా రాణి దగ్గర వచ్చింది. ఆ కాలంలో స్టేజి అంచున గ్యాసు దీపాలు వెలిగించేవాళ్ళు. డైరెక్టరుకు అలాంటి వెలుగే కావాలి. గ్యాసు కుదరదన్నాను. అయితే స్టేజి అంచు పొడవునా నిజమైన కొవ్వొత్తులు పెడతానన్నాడు. బల్బు కొవ్వొత్తులు దొరుకుతాయి కదా అంటే, బిరియానీలో ఉప్మా కలపమన్నట్టు నా వైపు చూశాడు. మా థియేటరు రూల్ ఒకటుంది: స్టేజి మీద నిప్పు ఉంటే, దాని పక్కన తిరిగే ప్రతి బట్టనూ మంట అంటుకోని మందులో ముంచి ఆరబెట్టాలి. ముంచండి, పర్మిట్ ఇస్తాను అన్నాను.

బృందం బట్టల బాధ్యత హెలెన్ అనే పెద్దావిడది. మెడలో టేపు, మణికట్టుకు గుండుసూదుల దిండు, నోట్లో ఎప్పుడూ రెండు సూదులు. మొదటి రోజే ఆవిడ నన్ను వోడ్కా అడిగింది. బ్యాలే జాకెట్లు ఉతకరట. చెమట వాసన పోవడానికి నీళ్ళు కలిపిన వోడ్కా చల్లుతారట. వాళ్ళ వృత్తిలో అది మామూలే. "అమ్మా, ఈ దేశంలో ఆ మాట ఇంకోసారి అనాలంటే ముందు పెట్టె సర్దుకోండి" అన్నాను. నేను నవ్వలేదు, ఆవిడా నవ్వలేదు.

ఆ గండం గట్టెక్కించింది మస్తాన్. మస్తాన్‌ది ప్రొద్దుటూరు, బత్హా బజార్లో లేడీస్ టైలరు. సౌదీ పెళ్ళిగౌన్లు కుట్టి చేయి తిరిగినవాడు. ఈ ప్రదర్శనకు గౌన్లు మందులో ముంచడానికి, ఇస్త్రీకి, చిల్లర కుట్లకు అతన్ని తాత్కాలికంగా పెట్టుకున్నాం. జాకెట్లను తిరగేసి రియాద్ ఎండలో ఒక పూట డాబా మీద ఆరేసి తెచ్చిచ్చాడు. వాసన లేదు గీసన లేదు. అప్పట్నుంచి హెలెన్‌కు మస్తాన్ ఎంత చెబితే అంత.

మస్తాన్ బాధ వేరే ఉంది. అతని కఫీలు, అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న యజమాని, దుకాణం మూసేస్తున్నాడు. ఇంకో యజమాని పేరు మీదికి మారడాన్ని మేము నకల్ అంటాం. నకల్ దొరక్కపోతే ఖురూజ్ వీసా కొట్టి ఇంటికి పంపిస్తారు. అతని పెద్దమ్మాయి నర్సింగు చదువు మధ్యలో ఉంది, ఇంట్లో సంపాదించేది ఇతనొక్కడే. ప్రదర్శన సజావుగా జరిగితే థియేటరు పేరు మీద నకల్ ఇస్తామని నౌరా మాటిచ్చింది. కనిపించినప్పుడల్లా "సార్, నా సంగతి మేడమ్‌కి రోంత గుర్తు చేయండప్పా" అనేవాడు.

ఒకరోజు హెలెన్ నాకు ఆ గౌన్ల కథ చెప్పింది. విక్టోరియా కాలంలో గొప్పింటి ఆడవాళ్ళు ఉక్కు వలయాల చట్రం మీద గౌన్లు తొడిగేవాళ్ళట. తన గౌను అంచు ఎక్కడ ఉందో తనకే తెలియదు. చలి కాచుకునే పొయ్యి దగ్గర వెనక్కి తిరిగితే చాలు, అంటుకునేది. స్టేజి మీద ఇంకా ఘోరం. దోమతెరలాంటి పల్చటి గుడ్డ పొరలు పొరలుగా, పక్కనే గ్యాసు మంట. మంట అంటుకోని మందు అప్పటికే కనిపెట్టారు. కానీ అందులో ముంచితే గుడ్డ బిరుసెక్కి, తెలుపు పోయి, పాత గోడ రంగుకు తిరిగేది. నాట్యగత్తెలు తొడిగేది లేదన్నారు. పారిస్‌లో ఒక పేరున్న అమ్మాయి నాకొద్దని ఖండితంగా చెప్పి, కొన్నాళ్ళకే రిహార్సల్లో అంటుకుని, నెలల తరబడి నరకం అనుభవించి పోయిందట. చెబుతుంటే హెలెన్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత తెలిసిన మనిషి ఉండగా నాకేం భయం అనుకున్నాను. ముసలావిడ నన్ను ఎంత తియ్యగా బుట్టలో వేసుకుందో చూడండి!

మా పరీక్ష చాలా సులువు. గౌను అంచు నుంచి చిన్న పీలిక కత్తిరించి, నిలువుగా వేలాడదీసి, కింద లైటరు పెట్టాలి. లైటరు తీసేశాక మంట తనంతట తానే ఆరిపోతే పాస్, కాలుతూనే ఉంటే ఫెయిల్. తన గౌన్ల మీద కత్తెర పడనివ్వనని హెలెన్ మొండికేసింది. మస్తాన్ మధ్యలో దూరాడు. మన టైలర్లు రసీదుకు గుడ్డ ముక్క పిన్ను కొట్టి ఇస్తారు కదా, అట్లా ప్రతి గౌను నడుం లోపల అదే గుడ్డ ముక్క ఒకటి కుడతానన్నాడు. గౌనుతో పాటే అదీ మందులో మునుగుతుంది, దాన్ని తీసి కాల్చుకోండి అన్నాడు. సబబుగానే తోచింది. ముక్కలన్నీ అప్పడాల్లా పెళపెళలాడాయి. లైటరు పెడితే నల్లబడి ఊరుకున్నాయి. అన్నీ పాస్.

ప్రదర్శనకు ముందు బట్టలు వేసుకుని చేసే ఆఖరి రిహార్సల్ ఉంటుంది. కొవ్వొత్తులు ఇంకా వెలిగించలేదు. హాల్లో మధ్య వరసలో కూర్చున్నాను. విక్టోరియా అమ్మాయిలు వచ్చారు. ఎగిరినప్పుడల్లా ఆ గౌన్లు డాబా మీద ఆరేసిన దోమతెరలోకి గాలి దూరినట్టు పైకి లేచి, నింపాదిగా కిందికి దిగుతున్నాయి. అబ్బ, ఎంత బాగుందో అనుకున్నాను. మరుక్షణం కుర్చీలోంచి లేచాను. నా చేతిలో అప్పడంలా విరిగిన గుడ్డ అక్కడ అంత మెత్తగా ఎట్లా తేలుతోంది?

తెర వెనక్కి పరుగెత్తాను. మందులో ముంచిన బట్టను వేళ్ళ మధ్య నలిపితే ఉప్పులాంటి తెల్లపొడి అంటుతుంది. స్టేజి దిగి వచ్చిన ఒక అమ్మాయి గౌను అంచు నలిపాను, ఏమీ అంటలేదు. ఇంకోటి నలిపాను, అదీ అంతే. మస్తాన్ ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముంచినావా అని అడిగాను.

"ముక్కలు ముంచినా సార్."

"గౌన్లు?"

"గౌన్లు ముంచలే సార్."

అప్పుడు అసలు సంగతి బయటపడింది. మొదటి గౌను నిజంగానే ముంచాడట. ఆరాక అది కొయ్యలా నిలబడిపోయింది. తొడుక్కున్న అమ్మాయి ఏడ్చింది, హెలెన్ స్టూలు మీద కూలబడింది. "పెండ్లికూతురికి గోనెసంచి తొడిగినట్లుండె సార్. చూడలేకపోతి" అన్నాడు మస్తాన్. మిగిలిపోయిన గుడ్డను ముక్కలు చేసి, ముక్కల్ని మాత్రమే ముంచి, ఆరాక గౌన్లకు కుట్టాడు. ఉపాయం మస్తాన్‌ది, తెలిసి నోరు మూసుకున్నది హెలెన్. ఆ పారిస్ అమ్మాయి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్న హెలెనే!

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఒక్క పిల్లకు అంటుకుంటే, కన్నవాళ్ళకు ఏం జవాబు చెప్తావు? నీ కూతుర్ని అట్లా తిప్పుతావా కొవ్వొత్తుల పక్కన?" అని అరిచాను. మస్తాన్ తల దించుకుని, తప్పయిపోయింది సార్, నన్ను పంపించేయండి, షో మాత్రం ఆపొద్దండి అన్నాడు. ఆ మాటకు ఇంకా కోపమొచ్చింది. పంపించడానికేం, ఒక్క మాటతో పని. ఇతన్ని విమానం ఎక్కిస్తే గౌన్లు మునిగినట్టా?

ముంచేద్దామంటే గౌన్లు పాడు. నేనూ కళ్ళారా చూశాను కదా ఆ గాల్లో తేలడం. దాన్ని గోనెసంచి చేయడానికి నాకే మనసొప్పలేదు. ఇక తీసేయడానికి మిగిలింది కొవ్వొత్తులే. కానీ డైరెక్టరు మాటలకు లొంగే రకం కాదు. చూపించాల్సిందే అనుకున్నాను.

మర్నాడు పొద్దున థియేటరు వెనక లారీలు దించే జాగాలో ఒక కొయ్యబొమ్మను నిలబెట్టి, మందులో ముంచని మిగులు గుడ్డతో మస్తాన్ చేత కుట్టించిన గౌను తొడిగాను. ఇద్దరు ఫైర్‌మెన్‌ను, నీళ్ళ పైపును, ఆర్పే సిలిండర్లను సిద్ధం చేశాను. డైరెక్టరును, హెలెన్‌ను, అమ్మాయిలను, నౌరాను పిలిచాను. కొవ్వొత్తిని పొడవాటి కర్రకు కట్టి వెలిగించి డైరెక్టరు చేతికిచ్చాను. "ఎంత దూరం క్షేమమో మీరే తేల్చండి సార్. స్టేజి మీద సరిగ్గా అంత దూరంలోనే పెట్టిస్తాను" అన్నాను, మహా వినయంగా.

ఆయన చిరునవ్వుతో కర్ర చాచి ఒక్కో అడుగూ ముందుకేశాడు. చాలా దూరం ఉందిలే అనుకునేంతలో గాలి కాస్త కదిలింది. గౌను భగ్గుమంది. ఫైర్‌మన్ సిలిండరు పిన్ను లాగేలోపే గుడ్డంతా అయిపోయింది, మసిపట్టిన బొమ్మ మాత్రం నిలబడి ఉంది. అమ్మాయిలందరూ నన్ను కాదు, డైరెక్టరును చూస్తున్నారు. హెలెన్ నోట్లోంచి సూదులు తీసి చేత్తో పట్టుకుని, తల వంచుకుంది. కాసేపటికి డైరెక్టరు గొంతు సవరించుకుని, ఆ బల్బు కొవ్వొత్తులు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

"బత్హాలో సార్, పెండ్లి డెకరేషనోళ్ళ దగ్గర. అచ్చం నిజం మాదిరే వణుకుతా వెలుగుతాయి" అన్నాడు వెనక నుంచి మస్తాన్.

నౌరా తెలివైన పిల్ల. ముంచిందే అయితే ఆ గుడ్డ అట్లా ఎందుకు కాలిందని తన గదిలో అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈ మనిషిని ఉంచుకోవడానికి ఒక్క కారణం చెప్పమంది. నా పరీక్షలో బొక్క ఎక్కడుందో కనిపెట్టినవాడు ఇన్నేళ్ళలో ఇతనొక్కడే, బయటికి పంపితే ఆ విద్య ఇంకెవరికో పనికొస్తుంది, లోపల పెట్టుకుంటే మనకు పనికొస్తుంది అన్నాను. ఆమె నవ్వేసింది. నకల్ ఇచ్చింది. బట్టల విభాగంలో కాదు, నా కింద, సేఫ్టీలో. ఆ మాట చెప్పగానే మస్తాన్ నా చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. నేను కసిరాను గానీ, నా కళ్ళూ తడిశాయి.

ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి ఆఖర్న డైరెక్టరు చేయి పట్టుకుని, నిజమైన కొవ్వొత్తులు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలని మెచ్చుకున్నాడు. డైరెక్టరు గుండె మీద చేయి పెట్టుకుని, ఏమాత్రం తడుముకోకుండా ఆ మెప్పు స్వీకరించాడు. వెళ్ళేరోజు హెలెన్ నాకు గుండుసూదికి గుచ్చిన గుడ్డ ముక్క ఒకటిచ్చి, ఇది మాత్రం గౌను నుంచి కత్తిరించిందే అంది. ఆవిడ వెళ్ళాక లైటరు పెట్టి చూశాను. భగ్గుమంది. నిజమే చెప్పింది.

నేను రిటైరయ్యే దాకా శాంపిల్ తీసే పని మస్తాన్‌కే వదిలాను. తర్వాత వచ్చిన బృందాలు గౌన్లకు చక్కగా ముక్కలు కుట్టి తెచ్చేవి. మస్తాన్ వాటివైపు చూసేవాడు కాదు. కత్తెర తీసి సరాసరి గౌను అంచుకే పెట్టేవాడు. బట్టల ఆవిడలు లబోదిబోమంటే, "ఈ కతలు నాకు తెలుసులేమ్మా" అని తెలుగులోనే చెప్పి కత్తిరించేవాడు.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. శాంపిల్ ఎవరో ఇస్తే తీసుకోకూడదు, పరీక్షించేవాడే కత్తిరించుకోవాలి. అందం, నిప్పు ఒకచోట చేరితే నిప్పును తీసేయాలి. అందాన్ని తీసేయమంటే అందరూ సరేనని తల ఊపుతారు, ముక్కలు మాత్రమే ముంచుతారు.