పొట్ట ఉబ్బిన దొర

జులూ దేశంలో ఎద్దుతోలు డాళ్లు చేయడంలో భెకీఫాది అందెవేసిన చేయి. తెల్లవాళ్ల సైన్యం గుడిసెలు తగలబెట్టి పశువుల్ని తోలుకుపోయాక ఆ చేతులకు పని లేకుండా పోయింది. నోటికి మాత్రం పదును తగ్గలేదు.

యుద్ధం ముగిసిన ఏడాది, తుపాకులు దాచారేమోనని వెతకడానికి ఓ తెల్ల అధికారి వచ్చాడు. అతని బొజ్జ మోసిన గుర్రం రొప్పుతోంది. వెంట దుబాసీ యోనా. వాడు మన నల్లవాడే. యుద్ధంలో మాత్రం తెల్లవాళ్ల పక్కన నిలబడి మనవాళ్ల మీదే తుపాకీ పేల్చాడు.

"ఏయ్ ముసలోడా! శవాల పొట్టలు చీల్చిన మృగాలు మీరేనా అని దొరగారు అడుగుతున్నారు."

"అవును, ముగ్గురివి నేనే చీల్చాను," అన్నాడు భెకీఫా. "చంపినవాడే పొట్ట చీల్చి ఆత్మను బయటికి పోనివ్వాలి. లేకపోతే శవం ఉబ్బినట్టే చంపినవాడూ పొట్ట ఉబ్బి చస్తాడు. మీ నాన్న నీకిది చెప్పలేదట్రా?"

భెకీఫా అధికారి వైపు తిరిగాడు.

"నా తమ్ముణ్ణి కాల్చి అలాగే పారేసిపోయారు. ఎవడు చంపాడో ఇన్నాళ్లూ తెలియలేదు. ఇప్పుడు మీ దొర పొట్ట చూశాక తెలిసింది. చెప్పరా, ఒక్క ముక్క వదలకుండా చెప్పు!"

"ఏమంటున్నాడు వాడు?" అధికారి గద్దించాడు.

యోనా చేయి మెల్లగా చొక్కా కిందికి పోయి, తన పొట్టను తడిమి చూసుకుంటోంది.