అభ్యంతరం రాయకపోతే

మా కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాములో ఎవరైనా మార్పులు చేస్తే, ఆ మార్పులన్నీ ఉన్న ప్యాచ్‌ను ఇద్దరు చదవాలి. సాయంత్రంలోపు ఇద్దరిలో ఎవరూ అభ్యంతరం రాయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మార్పులు వాటంతటవే కలిసిపోతాయి. హైదరాబాదులో ఉన్నప్పుడు ఇది హాయిగా ఉండేది. మావారికి భద్రాచలం అవతల చర్ల ఊరి బడిలో ఉద్యోగం వచ్చాక ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఇక్కడ వాన పడితే టవర్ పోతుంది.

ఇవాళ పొద్దున నా వంతుకు వచ్చిన ప్యాచ్ పెద్దది. ఫైళ్ళను చూపించడానికి, నకలు తీయడానికి, తొలగించడానికి వాడే చిన్న ప్రోగ్రాములు మాకు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఏళ్ళుగా నడుస్తున్నాయి. వాటిని మరో సిస్టమ్ మీద నడిచేలా మార్చారు. పాపకు జ్వరం. ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక్కో వరుసే చదివాను.

తొలగించే ప్రోగ్రాము దగ్గర అనుమానం వచ్చింది. కొన్ని ఫోల్డర్లు నిజమైనవి కావు, వేరేచోట ఉన్న ఫోల్డర్‌కు దారి చూపే గుర్తులు. ఆ గుర్తును చెరిపేస్తే చాలు. ఇదేమో గుర్తును పోల్చుకోలేక, ఆ దారి వెంట వెళ్ళి అసలు ఫైళ్ళనే తుడిచేస్తోంది. ఉత్తుత్తి ఫైళ్ళు పెట్టి చూశాను. ఒక్కటీ మిగల్లేదు. రేపు ఎవరి ఇంట్లోనో పిల్లల ఫోటోలు ఇలాగే పోతాయి.

అభ్యంతరం రాసి పంపబోతుంటే గాలివాన వచ్చింది. సిగ్నల్ పోయింది. రెండో మనిషి అప్పటికే సరేననేశాడు.

బియ్యం చెరుగుతున్న అత్తమ్మకు చెప్పాను. ఆమె చేట ఆపింది.

"నువ్వు ఏమనకపోతే అవ్ అన్నట్టా? గిదేం పద్ధతి బిడ్డా? మా దిక్కు పిల్లనడిగినోళ్ళకు జవాబు పంపకపోతే వద్దన్నట్టే."

"మా ఆఫీసుల గట్ల కాదు అత్తమ్మా."

"మరి పో, చెప్పి రా. పిల్లను నేను చూస్త."

పాప నా చీర కొంగు పట్టుకుని వదల్లేదు. వేళ్ళు విడదీసి, ఏడుస్తుండగానే ఆటో ఎక్కాను. భద్రాచలం రోడ్డులో చాలా దూరం పోయాక సిగ్నల్ అందింది. మీ ఆఫీసు రోడ్డు మీదికొచ్చిందా మేడమ్ అని ఆటో అతను నవ్వాడు. ఫోన్‌లోనే రాసి పంపాను. ప్యాచ్ ఆగింది. కాసేపటికే ఆ ప్యాచ్ రాసినతను జవాబిచ్చాడు. తమ దగ్గర పరీక్షలన్నీ పాసయ్యాయట, తేడా నా మెషిన్‌లోనే ఉండొచ్చట. రేపు సాయంత్రంలోపు రుజువు పంపకపోతే అభ్యంతరం కొట్టేస్తారు. రుజువేమో ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఉంది.

తిరిగి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి పాప గొంతు బొంగురుపోయింది. ఒళ్ళు మునుపటికంటే వేడిగా ఉంది.

"ఎవలియో ఫైళ్ళు బతికినయా?" అని అడిగింది అత్తమ్మ.

"ఇయ్యాల్టికి బతికినయ్."

ఆమె తడిగుడ్డ నా చేతికిచ్చి లేచింది.

రేపు పొద్దున్నే పాపను భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్తున్నాం. అక్కడ సిగ్నల్ ఉంటుంది. పాప బట్టల సంచిలో అడుగున ల్యాప్‌టాప్ పెట్టాను. రుజువు పంపాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. జ్వరం వస్తే పాప నన్ను తప్ప ఎవరి దగ్గరికీ పోదు.